తొర్రూరు గొంతు, మేడారం మొక్కు

వరంగల్ వెళ్తున్నానని చెప్పగానే మా రాజమండ్రిలో ప్రతివాళ్లూ వేయిస్తంభాల గుడి చూసి రమ్మన్నారు. చూడలేదు. గుడికి నడిచి వెళ్లేంత దూరంలో దిగి, రెండు పూటలు అక్కడే తిని, చూడకుండానే వచ్చేశాను. ఫోటోలు ఏవని మా వారు అడిగితే చూపించడానికి నా ఫోన్లో రెండే ఉన్నాయి. ఒకటి నా గొంతు లోపలి బొమ్మ. రెండోది, పత్తి బస్తాలు తూచే కాటా మీద కూర్చుని నవ్వు ఆపుకుంటున్న కొమురమ్మ. మొదటిదాన్ని చూసి ఆయన మబ్బు పట్టిన ఆకాశం అనుకున్నారు.

నేను స్పీచ్ థెరపిస్టును. అరిచి అరిచి బొంగురుపోయిన టీచర్లకు, పెళ్లిళ్ల సీజన్లో గొంతు చెడిన పాటగాళ్లకు సాధన చేయించి మళ్లీ మాట తెప్పించడం నా వృత్తి. మన గొంతులో రెండు మెత్తని మడతలుంటాయి. స్వరతంత్రులంటారు. అవి విడివడితే ఊపిరి ఆడుతుంది, దగ్గరికొచ్చి అదిరితే మాట పుడుతుంది. సరిగ్గా కదులుతున్నాయో లేదో చూడాలంటే ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించాలి. ఇంకో దారి లేదని నేను చాలామందితో వాదించాను, గెలిచాను కూడా. హాస్టల్లో నాతో గది పంచుకున్న వసుధ ఇప్పుడు హనుమకొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు. ఒకరోజు ఫోన్ చేసి, “గొట్టం ఎందుకే, నేను మెడ మీద స్కానింగ్ పెట్టి చూస్తాన్న. నమ్మకపోతే వచ్చి చూడు” అంది. నమ్మలేదు కాబట్టే వెళ్లాను.

హనుమకొండలో సర్వపిండి

స్టేషన్ బయట “ఎంతండీ?” అని అడిగానో లేదో ఆటో డ్రైవర్ నవ్వాడు.

“ఆంధ్రనా మేడం?”

“ఎలా తెలిసింది?”

“అండీ అన్నరు గద. గా మాట వింటె యాభై రూపాలు ఎక్కువ చెప్పబుద్ధయితది.”

చెప్పలేదు, ధర్మాత్ముడు. పైగా టిఫిన్ ఎక్కడ బాగుంటుందో చూపించి మరీ దింపాడు. అక్కడ సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, మధ్యమధ్య చిల్లులు పెట్టి కాలుస్తారు. మా దిబ్బరొట్టె పక్కన తేనెపానకం ఉంటే గానీ పలకదు. సర్వపిండికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మొదటి ముక్కకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోది కూడా పెట్టించుకున్నాను.

వసుధ నన్ను చూసి, “కారం తిని వచ్చినవా, మంచిగైంది. గొంతు ఎర్రగుంటె చూపిస్త కూసో” అంది. స్కానింగులో రంగులు కనిపించవని నాకు తెలుసు. అయినా పాతికేళ్లుగా నన్ను ఏడిపించే హక్కు ఆమెకుంది కాబట్టి ఊరుకున్నాను.

మెడ మీంచి లోపలికి

వసుధ స్కానింగ్ గది చిన్నది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవన్న బోర్డు గోడకు పెద్దక్షరాల్లో ఉంది. యంత్రం చేతిలో పట్టేంత చిన్నదైనా గడప దాటదట. ఊళ్లకు తీసుకెళ్లి చూద్దామంటే చట్టం ఒప్పుకోదు. గొంతులే ఊళ్లనుంచి దాని దగ్గరికి రావాలి.

మొదట అటెండర్ మల్లయ్యను కూర్చోబెట్టింది. ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. మెడకు జెల్ రాసి ప్రోబు ఆనిస్తే తెర మీద ఒక తెల్లని గీత, దాని వెనక నల్లని నీడ.

“నా గొంతుల ఏం లేదా మేడం?” అన్నాడు.

“మస్తు ఉన్నది. వయసు పెరిగిన మగోళ్లకు గొంతు ముందలి పెంకు సున్నం పట్టి గట్టివడ్తది మల్లయ్యా. శబ్దం లోపలికి పోదు. నీకు గొట్టమే గతి” అంది వసుధ.

తర్వాత నా వంతు. “ఈ...” అనమంది. అన్నాను. తెర మీద తిరగేసిన ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో ఒక గుడారం, అందులో రెండు నల్లని పట్టీలు. ఊపిరి పీలిస్తే విడిపోయాయి, “ఈ” అంటే వచ్చి అతుక్కున్నాయి. ముక్కులో మందు చల్లుకోకుండా, కళ్లనీళ్లు పెట్టుకోకుండా, నా గొంతును నేనే కూర్చుని చూశాను. చాలా సంతోషం వేసింది. నా ఓటమిని అంత ఇష్టంగా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

అప్పుడు వచ్చారు ఆ ముగ్గురూ, తొర్రూరు పక్క పల్లె నుంచి. ముందు నర్సమ్మ, వెనక ఆమె కొడుకు సాంబయ్య, ఇద్దరి మధ్యా కోడలు కొమురమ్మ. కొమురమ్మకు ముప్పై అయిదేళ్లుండవచ్చు. మెడ కింద థైరాయిడ్ గడ్డ తీసిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆపరేషన్ అయ్యాక మాట రావడం లేదని అక్కడి డాక్టరు పంపారు. అలాంటి ఆపరేషన్లో స్వరతంత్రులను కదిపే నరం ఒక్కోసారి నలుగుతుంది. గొట్టంతో చూడబోతే కొమురమ్మ ఆయన చెయ్యి తోసేసి లేచిపోయిందట.

యంత్రాన్ని చూడగానే నర్సమ్మ గుమ్మంలోనే ఆగింది. “అమ్మా, మా కోడలు నీళ్లు పోసుకోలేదు. గొంతు చూపియ్యనీకె వచ్చినం.”

“ఇది కడుపుకే గాదు పెద్దమ్మా, గొంతును గూడ చూస్తది. రాండ్రి” అంది వసుధ.

కొమురమ్మ కుదురుగా కూర్చుంది. వసుధ ప్రోబు ఆనించి, “ఈ అను కొమురక్కా” అంది. కొమురమ్మ తల అడ్డంగా ఊపి, అరచేత్తో నోరు మూసుకుంది. మళ్లీ అడిగితే మళ్లీ అంతే. నేను నిపుణురాలి మొహం పెట్టి వసుధ చెవిలో, “ఒకవైపు నరం పూర్తిగా పోయినట్టుందే, ప్రయత్నమైనా చెయ్యడం లేదు” అన్నాను.

నర్సమ్మ చెవులు పాముచెవులు. “నరం పోవుడేంది బిడ్డా. మొక్కున్నది.”

“ఏం మొక్కు?”

“ఆపరేషన్ జేసిన సారు నాలుగొద్దులు మాట్లాడద్దన్నడు. నాలుగొద్దులకే గొంతు మంచిగయితదంటె, సమ్మక్క తల్లికి బంగారం పెట్టిందాక మాట్లాడకుంటె ఇంకెంత మంచిగయితది? నేనే మొక్కిన. నిలువెత్తు బంగారం.”

బంగారమంటే బెల్లం. మేడారంలో తల్లులకు మనిషి ఎత్తు బెల్లం తూచి పెడతారు, దాన్ని బంగారమనే పిలుస్తారు. అంతవరకూ నాకు తెలుసు. ఎప్పుడు పెడతారని అడిగితే పెద్ద జాతరకు అంది. జాతర రెండేళ్లకోసారి. వచ్చేదానికి ఇంకా ఏడాది పైనే ఉంది. నలిగిన గొంతును తొందరగా సాధనలో పెట్టాలి. అన్నాళ్లు మూసి ఉంచితే వచ్చే గొంతు కూడా మొండికేస్తుంది.

“ఈలోపే వెళ్లి పెట్టేసి రావచ్చు కదండీ” అన్నాను.

“ఎట్ల బిడ్డా? జాతరకే గద తల్లి గద్దె మీదికి వచ్చేది. ఇప్పుడు అడవిల ఉంటది. ఎవరికి పెట్టాలె?”

సాంబయ్య గోడకు ఆనుకుని నేల చూస్తూ అన్నాడు. “నారు ఎదిగింది మేడం. ఇంకో నాలుగు రోజులల్ల నాట్లు. నాటేసే ఆడోళ్ల ముఠాల పాట ఎత్తేది ఈమెనే. మా అమ్మ ఎత్తేది, తర్వాత ఈమెకు ఇచ్చింది. ఈమె ఎత్తకుంటె పని నడువది. అందరు వచ్చి అడుగుతాన్రు, కొమురక్క గొంతు వస్తదా, ఇంకొకరిని చూస్కోవాలెనా అని.”

కొమురమ్మ చేతి గాజులు ఒకసారి గట్టిగా చప్పుడు చేశాయి.

వసుధ ప్రోబు మళ్లీ అందుకుంది. “మాట వద్దు తల్లీ. మొక్కు నీ దగ్గర్నే ఉండనీ. ఊపిరి తీస్కో చాలు.” కొమురమ్మ ఊపిరి తీసింది. రెండు నల్లని పట్టీలు విడిపోయాయి. “ఇగ నారు కట్టల తట్ట నెత్తికెత్తుకునేటప్పుడు బిగవడ్తవు చూడు, అట్ల బిగవట్టు.” కొమురమ్మ బిగబట్టింది. కుడి పట్టీ చటుక్కున మధ్యకు వచ్చింది. ఎడమది కొంచెం ఆలస్యంగా, బద్ధకంగా కదిలింది. కదిలి, వచ్చి, కుడిదాన్ని తాకింది. చిన్న శబ్దం కూడా లేకుండా గొంతు తన సంగతి తాను చెప్పేసింది. మాట లేనిదే మాట పుట్టే చోటును చూడలేమని నేననుకునేదాన్ని.

నర్సమ్మ తెర దగ్గరికి వచ్చింది. “గవేనా? ఇంకోసారి చూపియ్యి.” ఇంకోసారి చూసింది. మూడోసారి కూడా చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“తల్లి ఇచ్చేసింది. ఇచ్చినంక గూడ జాతర దాక ఆగుడంటె తల్లిని సతాయించినట్టు. అడవిల ఉంటె అడవిలకెల్లి ఇంటది. ఎల్లుండి బేస్తారం, పోదాం.” అని నా వైపు తిరిగింది. “నువ్వు గూడ రా బిడ్డా. గొంతు పని జేసేదానివంట గద. అది నోరు తెరిచినప్పుడు పక్కన ఉండు.”

వాళ్లు బయటికి వెళ్లాక వసుధను అడిగాను, నరం మెల్లగా కోలుకుంటోంది సరే, పై స్థాయి పలుకుతుందా అని. “కదులుడు కనవడ్తది. పాట కనవడదే” అంది వసుధ. “పో వాళ్లతోని. ఓపీ ఉన్నది, లేకుంటె నేనే పోదును.”

తొర్రూరులో తూకం

మర్నాడు నేను తొర్రూరు బయల్దేరాను. దారి పొడవునా పత్తి లారీలే. చెట్ల కొమ్మలకు తెల్లని పింజలు వేలాడుతుంటాయి. మా గోదావరి రోడ్ల మీద వరిగడ్డి రాలినట్టు ఇక్కడ పత్తి రాలుతుంది.

బెల్లం కొట్టువాడు సాంబయ్యను ముందు ఆధార్ జిరాక్స్ అడిగాడు. బెల్లానికి ఆధారేమిటని నేను ఆశ్చర్యపోతే, “గుడుంబ సారా కాస్తరని మేడం. నాకు తెలుసు ఇది తల్లికేనని. అయినా పేరు రాసుకోవాలె” అన్నాడు. కొమురమ్మను పక్కనున్న పత్తి కాటా ఎక్కించి కూర్చోబెట్టారు. సాంబయ్య ముల్లు వైపు చూసి, “నయం, ఆపరేషన్ల గడ్డ తీసేసిండ్రు. లేకుంటె ఇంకో బెల్లం దిమ్మె పడేది” అన్నాడు. కొమురమ్మ కొంగు చివరతో అతని వీపు మీద ఒకటి వేసింది. చప్పుడు లేకుండా నవ్వడం ఆమెకు బాగా అలవాటైంది. ఆ నవ్వునే నేను ఫోటో తీశాను.

సాయంత్రం వాళ్లింట్లో జొన్నరొట్టె, అన్నం, పచ్చిపులుసు, చింతకాయ తొక్కు. మా ఇంట్లో పులుసు పొయ్యి ఎక్కకుండా విస్తట్లోకి రాదు. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, అలాగే పోశారు. చారు అనుకుని గ్లాసులో పోయించుకుని తాగబోయాను. కొమురమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుని, గ్లాసు లాక్కుని అన్నంలో ఒంపింది. తర్వాత నేను గ్లాసు ఎత్తిన తీరును అత్తకు అభినయించి చూపించింది. నర్సమ్మ పొలమారేదాకా నవ్వింది.

కొమురమ్మ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లాక సాంబయ్య నెమ్మదిగా చెప్పాడు. “మొక్కు మా అమ్మది మేడం. భయం ఈమెది. మత్తు దిగంగనె నన్ను పేరు వెట్టి పిల్వబోయింది. ఉత్త గాలి వచ్చింది. నా మొఖం చూసి ఆగిపోయింది. అప్పటిసంది మొక్కే మంచిగున్నదామెకు. నోరు తెరిస్తె తెల్సిపోతది గద, ఉన్నదా లేదా అని.”

నాకు ఆ మాట సూటిగా తగిలింది. తెర మీద రెండు పట్టీలూ తాకాయని నేను ధీమాగా ఉన్నాను. ఆమెకు ఆ ధీమా ఇంకా రాలేదు.

గట్టమ్మ దగ్గర చాయ్

బేస్తవారం పొద్దున్నే జీపులో బయల్దేరాం. ముందు సీటులో బెల్లం, వెనక మేము, మా కాళ్ల దగ్గర కోడిపుంజు. ములుగు దాటబోయే ముందు గట్టమ్మ గుడి ఉంది. అక్కడ కొబ్బరికాయ కొట్టకుండా మేడారం వైపు ఏ బండీ పోదు. మా అన్నవరం కొండెక్కే ముందు తొలిపావంచాకు, అంటే మొదటి మెట్టుకు, మొక్కడానికి ఆగినట్టే. అక్కడ చాయ్ తాగాం. పది రూపాయలు, గ్లాసు మాత్రం మా ఊరి గ్లాసులో సగం.

పుంజుకు కాస్త గాలి ఆడుతుందని నేను జీపు తలుపు తీశాను. పుంజు దూకి రోడ్డు దాటింది. డ్రైవరు, సాంబయ్య, నేను, చాయ్ తాగుతున్న ముక్కూమొహం తెలియనివాళ్లు, అందరం అరుస్తూ పరిగెత్తాం. ఎంత అరిస్తే అది అంత దూరం పోయింది. కొమురమ్మ ఒక్కతే నోరు మూసుకుని అటు నుంచి చుట్టు తిరిగి వెళ్లి, కంచె మూలలో దాన్ని రెక్కలు పట్టి తెచ్చింది. నా ఒళ్లో పెట్టి, ఇక తలుపు జోలికి పోవద్దని వేలు చూపించి బెదిరించింది. తాడ్వాయి అడవి పొడవునా ఆ పుంజు నా ఒళ్లోనే ప్రయాణం చేసింది.

మేడారం

జాతరప్పుడు జనసముద్రమయ్యే చోట ఆరోజు మహా అయితే ఓ యాభై కుటుంబాలున్నాయి. జంపన్న వాగులో మోకాళ్ల లోతు నీళ్లు. డిసెంబరు చలిలో ఆ నీళ్లలో మునిగితే నా పళ్లు టకటకలాడాయి. నర్సమ్మ మాత్రం వేడినీళ్లలో దిగినంత తీరుబడిగా స్నానం చేసింది.

గద్దెల మీద విగ్రహం ఉండదు. పాతిన కొయ్య, పసుపు, కుంకుమ, బెల్లం. అలంకారం లేని దేవతను మా వైపు ఊహించడం కష్టం. అక్కడ నిలబడ్డాక మాత్రం నాకేమీ తక్కువనిపించలేదు. కొమురమ్మ దిమ్మెలు ఒక్కొక్కటే అందించింది, సాంబయ్య పెట్టాడు. చివరి దిమ్మె నర్సమ్మ పెట్టి, అడవి వైపు తిరిగి దండం పెట్టింది.

“తల్లీ, నువ్వు యాడున్నా ఇను. బంగారం ముట్టింది.” తర్వాత కోడలి వైపు తిరిగింది. “ఇగ పలుకు బిడ్డా.”

కొమురమ్మ పలకలేదు. పెదాలు కదిలాయి, మళ్లీ బిగుసుకున్నాయి. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లబోయింది. నేను కొమురమ్మ చెయ్యి పట్టుకుని నా గొంతు మీద ఆనించుకున్నాను.

“మాట వద్దు. నోరు మూసుకునే ఉండు. ఊఁ కొట్టు. కథ చెప్తుంటే ఊఁ కొడతావు చూడు, అంతే.”

నేను ఊఁ అన్నాను. ఆమె వేళ్లకు ఆ అదురు తెలిసింది. రెండో చెయ్యి తన మెడ మీద, మచ్చకు పైన పెట్టుకుంది. మొదటిసారి గాలి. రెండోసారి గాలి. మూడోసారి ఆమె వేళ్ల కింద ఏదో అదిరింది. కళ్లు పెద్దవయ్యాయి. ఇంకోసారి కొట్టింది, ఇంకాస్త పొడుగ్గా. బొంగురుగా, తడిగా, కానీ ఊఁ.

అత్త వైపు తిరిగింది. “అత్తా,” అంది. గులకరాళ్ల మీద బండి నడిచినట్టుంది ఆ గొంతు. “ఆకలైతాంది.”

నర్సమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. సాంబయ్య వాగు వైపు వెళ్లి చాలాసేపు రాలేదు. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. పుంజును కోసి, చెట్ల కింద రాళ్ల పొయ్యి మీద కూర వండారు. ప్రతివాళ్లూ ఏదో ఒక వంక పెట్టి కొమురమ్మ చేత ఒక మాట అనిపించుకున్నారు. ఉప్పు సరిపోయిందా అని డ్రైవరు మూడుసార్లు అడిగాడు.

తిరుగు దారిలో నేను చెప్పాల్సింది చెప్పాను. రోజూ పొద్దున సాయంత్రం ఊఁ సాధన చెయ్యాలి, నీళ్లు బాగా తాగాలి, కొన్ని నెలలు గొంతు పైకి ఎత్తకూడదు. “సరే అక్కా” అంది బుద్ధిగా. ఆ అణకువ చూసి నేను అనుమానించాల్సింది.

మడి దగ్గర

మర్నాడే నాటు. రైలు రాత్రికి కాబట్టి నేనూ మడి దాకా వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. పన్నెండు మంది ఆడవాళ్లు బురదలో వరుసగా నిలబడ్డారు. ఒక కొసన కొమురమ్మ, రెండో కొసన నర్సమ్మ. ఎవరో, “కొమురక్కా, ఎత్తు” అన్నారు.

నేను నిన్నంతా చెప్పింది ఏ వాగులో కలిపిందో, ఆమె తన పాత ఎత్తులోనే అందుకుంది. మొదటి చరణం సగం దాకా ఆ గొంతు పైకి లేచింది, నిజంగా లేచింది. అక్కడ తెగిపోయింది. తర్వాత వచ్చిందంతా గాలే.

వరుస ఆగిపోయింది. చేతుల్లో నారు పట్టుకుని అందరూ అలాగే వంగి ఉన్నారు. తలెత్తి ఆమె వైపు చూడటానికి ఎవరికీ మనసొప్పలేదు. కొమురమ్మ నీళ్లలోకి చూస్తూ నిలబడింది. చాలు, ఇవాళ్టికి ఆపేయమని కేక వేద్దామని లేచాను.

ఆమె నారు మొక్కలు మూడు నాటింది. నాలుగోది నాటుతూ మళ్లీ అందుకుంది. ఈసారి చాలా కింద, మగవాళ్లు పాడే చోట. “నీళ్లు బారె మా మడిల ఉయ్యాలో...” గరగరమంది గానీ తెగలేదు. అయితే దానికి జవాబుగా పాడాల్సిన వాళ్లు పాడలేదు. అంత కింది స్థాయిలో వాళ్లెప్పుడూ పాడి ఎరగరు. ఆమె రెండోసారి ఒంటరిగానే ఆ చరణం పాడింది.

అవతలి కొస నుంచి నర్సమ్మ అందుకుంది. వయసుకు చిట్లిన గొంతు, తడుముకుంటూ, ఒక్కో మెట్టూ దిగి కోడలి గొంతు పక్కన నిలబడింది. తర్వాత ఆమె పక్కావిడ దిగింది. ఆ తర్వాత ఇంకొకామె. కొత్త కోడళ్లకు మొదట పట్టు దొరకలేదు, రెండు చరణాలు తడబడి వాళ్లూ దిగారు. నారు నాటుకుంటూ వరుస మళ్లీ వెనక్కి నడవడం మొదలైంది.

సాయంత్రం దాకా ఆ మడినంతా కొమురమ్మ గొంతు అందుకునే ఎత్తులోనే నాటారు.